తపస్సు మాను ఎవరిది

"పేరు కొట్టేయమని చెప్పిరా, పో" అన్నాడు మునికుమార్.

సుజన పెరట్లో బండ మీద కూర్చుని పసుపునీళ్ళలో ముంచిన చీర పిండుతోంది. ఇంకాసేపట్లో ఆ చీర తడితడిగా కట్టుకుని భారతం మిట్టకు పోవాలి. ధర్మరాజుల గుడి పూజారి రాసుకున్న పేర్లలో ఆమెది ఏడోది. ఈరోజు భారతం ఉత్సవంలో అర్జునుడి వేషం కట్టినవాడు తపస్సు మాను ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో ఆ మాను చుట్టూ వరపడతారు, బోర్లా పడుకుని బిడ్డ వరం అడుగుతారు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ ఎవరి కొంగులో పడితే వాళ్ళ కడుపు పండుతుందని చుట్టుపక్కల పది ఊళ్ళ నమ్మకం.

"నీకే చెప్పేది. చెవులు పనిచేస్తా ఉండాయా లేదా?"

"చేస్తా ఉండాయి బావా. పొద్దున్నుంచి వాటికి నువ్వు వేరే పని యాడ ఇచ్చినావు?"

"మాను ఎక్కేది ఎవరో తెలుసు కదా?"

"చిత్తూరు నుంచి, తిరపతి నుంచి బస్సులేసుకోని వస్తా ఉండారు జనం. నాకు ఒగదానికే తెలీదా?"

ఆ మాటే మునికుమార్ ఒంట్లో కారం చల్లింది. బస్సులేసుకుని వస్తున్న జనం ఎవరికోసం వస్తున్నారో చిన్నబిడ్డకైనా తెలుసు. సినిమా హీరో ధనంజయ కోసం. పదిహేనేళ్ళుగా తెరమీద ధనంజయ దూకిన మిద్దెలు, పగలగొట్టిన అద్దాలు, కొండల మీదనుంచి దొర్లిన దొర్లుళ్ళు అన్నీ మునికుమార్‌వే. అతను ధనంజయకు డూప్. రెండుసార్లు పక్కటెముకలు, ఒకసారి మెడ కింద ఎముక, పోయినేడు కాలు విరిగాయి. ఈలలు మాత్రం ధనంజయకు పడ్డాయి. దానికి మునికుమార్ ఏనాడూ ఏడవలేదు. అది కూలి, కూలికి తగ్గ దెబ్బ అనుకున్నాడు.

ఇప్పుడా ధనంజయకు ఫైట్లు చేదయ్యాయి. ఒక్క గుద్దు కూడా లేని సినిమా, కన్నీళ్ళు పెట్టించే సినిమా చేస్తాడట. ముసలి వీధినాటకం కళాకారుడి కథ. జీవితమంతా తపస్సు మాను ఎక్కిన ఒక అర్జునుడి కథ. అలాంటి మనిషి ఒకడున్నాడని అతనికి ఎవరు చెప్పారు? షూటింగ్‌లో టీ తాగుతూ, మా నాయన ఇంతటివాడు అంతటివాడు అని గొప్పలు పోయిన మునికుమారే. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

నలభై రోజుల కిందట ధనంజయ ఒక చేతిసంచితో వచ్చి ఈ ఇంట్లో దిగాడు. సంగటి తిన్నాడు, చాప మీద పడుకున్నాడు, మునికుమార్ తండ్రి, నాటకం నేర్పే మునికృష్ణ వాద్యారు దగ్గర పద్యాలు నేర్చుకున్నాడు. పదిరోజుల కిందట ఊరి పెద్దలందరి ముందు, మునికృష్ణ తన తరువాత తపస్సు మాను ఎక్కే హక్కు ఇచ్చి కంకణం కట్టాడు. కొడుక్కి కాదు. ధనంజయకు.

"తొమ్మిదేండ్లు బావా" అంది సుజన, చీర దులుపుతూ. "నా వయసు ముప్పై నాలుగు. పోయినేడు వరపడదామంటే నువ్వు షూటింగ్‌లో కాలిరగ్గొట్టుకోని ఆస్పత్రిలో ఉంటివి. ముందేడు మా నాయన పోయి మైల. తిరపతి డాక్టరమ్మ ఇద్దరికీ ఏమీ లేదంటాది, కాణిపాకం సామికి మొక్కితే ఆయన పలకడు. ఈ ఏడన్నా నన్ను పోనీ."

"వద్దని నేనంటినా? మా నాయన ఎక్కింటే పో. నేనెక్కింటే పో."

"ఎక్కేది అర్జునుడు. మనిషిని ఎవరు సూస్తారు?"

"నువ్వు సూస్తావు" అన్నాడు మునికుమార్. "నలభై దినాలుగా సూస్తానే ఉండావు."

సుజన చేతులు ఆగాయి.

ఆ మాట అనకూడదని అతనికి తెలుసు. కానీ చాలా రోజులుగా లోపల నానబెట్టుకున్న మాట. ధనంజయ చెనక్కాయల చట్నీ బాగుందంటే ఆమె నవ్వింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తిన్నె మీద కూర్చుని అతను కొడుకు చచ్చిపోయిన తండ్రిగా ఏడుపు సాధన చేస్తుంటే తలుపు చాటున నిలబడి తనూ కళ్ళు తుడుచుకుంది. రాత్రి అన్నం పెడుతూ, "ఆయప్ప ఎంత బాగా ఏడుస్తాడో" అంది. మునికుమార్ అన్నం కెలికి లేచిపోయాడు. మొగుడు పదిహేనేళ్ళు నిజంగా ఎముకలు విరగ్గొట్టుకుంటే ఇంత బాగా పడ్డావని ఒక్కనాడైనా అందా?

"సరేలే" అన్నాడు. గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించినప్పుడే అతని మాట కోస్తుంది. "పో. పోయి పండుకో ఆడ. ఆయప్ప ఇసిరిన కాయ నీ కొంగులో పడితే, రేపు బిడ్డ పుడితే, ఇది నీ బిడ్డని నాకు సూపీయద్దు. నేను ఎత్తుకోను."

సుజన అతని వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. చీర భుజాన వేసుకుని స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

లోపల నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు విని, పోతుందన్నమాట అనుకున్నాడు మునికుమార్. ఇంత అన్నా పోతుందన్నమాట.

వీధి తలుపు దగ్గర పంకజాక్షి గొంతు వినిపించింది. పక్కింటామె, ఆమె కూడా వరపడడానికి పేరిచ్చింది. "సుజనా, అయిందా? పొద్దెక్కింది మే."

"వస్తా ఉండానక్కా" అని లోపలినుంచి సుజన పలికింది. గొంతు మామూలుగానే ఉంది. అదే అతనికి ఇంకా మండింది.

*

ముందర తిన్నె మీద మునికృష్ణ వాద్యారు జడల టోపీకి ఊడిన చవురి వెంట్రుకలు కుడుతున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. కళ్ళకు పొర వచ్చింది. భారతం ముగిసేదాకా ఆపరేషన్ వద్దన్నాడు. సూదిలో దారం ఎక్కించేది ధనంజయ. ఆయన కాళ్ళ దగ్గర కింద కూర్చుని, దారం ఎక్కించి ఇచ్చి, మళ్ళీ ఒళ్ళోని నిమ్మకాయలు ఒక్కొక్కటే తుడిచి జోలెలో వేస్తున్నాడు. కోట్లాది మంది పోస్టర్‌కు పాలు పోసే మనిషి మాసిన పంచెతో అలా కూర్చుంటే, దోవన పోయేవాళ్ళు ఆగి దణ్ణం పెట్టి పోతున్నారు. ఆ దణ్ణాల్లో సగం వాద్యారువే. ముసలాయన మొహంలో ఆ వెలుగు కనిపిస్తూనే ఉంది.

మునికుమార్ వాకిట్లో నిలబడ్డాడు.

"నాయనా, ఇంకా టైముంది. పెద్దలకు చెప్పు."

"ఏమని?"

"నా కొడుకు ఎక్కుతాడని."

వాద్యారు సూది ఆపలేదు. "కంకణం కట్టినాక మార్చేది ఉండదు."

"కట్టేముందు నన్ను అడిగితివా? మా తాత ఎక్కె. నువ్వు నలభై రెండేండ్లు ఎక్కితివి. నీ తర్వాత నేనని ఊరంతా అనుకుంటా ఉంటే, అందరి ముందర నాకు తలకాయ యాడ పెట్టుకోవాలో తెలీకుండా చేస్తివి."

"గురువుగారూ, నేను లోపలికి వెళ్తాను" అని ధనంజయ లేవబోయాడు.

"కూర్చో నాయనా" అన్నాడు వాద్యారు.

నాయనా. ఆ పిలుపు చెవినపడి మునికుమార్ పళ్ళు బిగించాడు. తనను ఆయన పిలిచేది ఒరే అని, లేదంటే కుమారా అని. బాగా మురిపెంగా ఉంటే ఏం రా అని.

"నీకు ఎక్కేది రాదని నేను అన్లే" అన్నాడు వాద్యారు, దారం పళ్ళతో తెంచి. "ఎక్కేది కోతికీ వచ్చు. పైకి పోయినాక అర్జునుడు కావాల. నువ్వు చిన్నప్పట్నుంచి నేర్సుకున్నది ఏంది? ఇంగొకని బట్టలు తొడుక్కోని, మొకం కనపడకుండా కింద పడేది. ఈ బిడ్డకు నేర్సుకోవల్లని ఉండాది. నలభై దినాలు నా పక్కన పండుకున్యాడు. నేను దగ్గితే లేసి నీళ్ళిచ్చినాడు. నువ్వు పదైదేండ్లలో ఎన్ని రాత్రులు ఈ ఇంట్లో ఉంటివో చెప్పు."

"నేనుగా పోలేదు. నాటకం కూడు పెట్టదు, పోయి బతకరా అని నువ్వే పంపిస్తివి."

"పొమ్మంటి. రావద్దని అన్లే."

 మునికుమార్ కోపం ఇంకా రేగింది. ఒక్క మాట చాలు, ఇప్పుడే ఈ తిన్నె మీదే అంతా తారుమారు చెయ్యొచ్చు. నాయనా, నీ శిష్యునికి ఎత్తంటే వణుకు, మొదటి అంతస్తు కిటికీ దగ్గర కూడా నిలబడడు, పదిహేనేళ్ళుగా ఆ సంగతి లోకానికి తెలియకుండా కాపాడింది నేను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. మంచితనంతో మింగలేదు. ఆడ, మాను కింద, అందరి ముందర వాని కాళ్ళు వణకనీ, నాయన తన కళ్ళతోనే చూడనీ అని మింగాడు.

"కుమార్‌ను ఏమీ అనకండి గురువుగారూ" అన్నాడు ధనంజయ మెల్లగా. "నన్ను ఇక్కడికి తెచ్చింది తనే."

తిట్టినా పడేవాడు. తన తరఫున అతను మాట్లాడడం మునికుమార్ భరించలేకపోయాడు. గిరుక్కున తిరిగి వీధిలోకి నడిచాడు.

ఎదురుగా పంకజాక్షితో కలిసి సుజన పోతోంది. తడి చీర ఒంటికి అంటుకుని, జుట్టు విరబోసుకుని, చేతిలో టెంకాయ, పూలు. అతన్ని దాటిపోతూ తల ఎత్తలేదు.

*

భారతం మిట్ట పక్కనే బడి. ఎండాకాలం సెలవులు. ఈరోజు ఉత్సవాన్ని షూటింగ్ చేయడానికి సినిమావాళ్ళు అందులో ఒక గది తీసుకున్నారు. పదకొండు గంటలకు అక్కడినుంచి పిలుపొచ్చింది. "అన్న మిమ్మల్ని ఒక్కరినే రమ్మంటున్నారు. పావుగంట ధ్యానం చేసుకోవాలని మమ్మల్నందరినీ బయటికి పంపేశారు" అన్నాడు మేకప్ మనిషి.

గదిలో ధనంజయ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాద్యారు స్వయంగా కట్టిన వేషం. కావి పంచె, ఒళ్ళంతా విభూతి, రుద్రాక్షలు, గుండెలదాకా గడ్డం, జడలు. నిజంగా అర్జునుడే. 

"తలుపెయ్యి కుమార్."

మునికుమార్ తలుపు వేశాడు.

"నిన్న సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఎక్కి చూశాను. మూడో మెట్టు దగ్గరే కాళ్ళు పట్టు తప్పాయి. తలనొప్పని చెప్పి దిగాను. ఈ నలభై రోజుల్లో భయం పోతుందనుకున్నాను. పోలేదు."

మునికుమార్ ఈ క్షణం కోసమే కదా కాచుకున్నాడు. వచ్చేసరికి మాత్రం అనుకున్నంత తీపిగా లేదు.

"నువ్వెక్కాలి. నా బదులు."

"ఈ సినిమాలో డూప్ ఉండడని టీవీల్లో చెప్తివి కదన్నా."

"చెప్పాను. డైరెక్టర్‌కు కూడా తెలీదు. కెమెరాలు కిందనే దూరంగా ఉంటాయి, ఈ గడ్డంలో, విభూతిలో మొహం తెలీదు. దగ్గరి షాట్లు తరువాత సెట్‌లో తీస్తారు. పద్యాలు ఎలాగూ కిందనుంచి మైకులో గురువుగారే పాడతారు. పైన పెదాలు కదిపితే చాలు."

"నాయనకు చెప్పు. భయమని చెప్పు. ఆయన ఏమనుకోడు."

"చెప్పలేను కుమార్. నన్ను కొడుకులాగా చూశాడు." ధనంజయ కళ్ళలో నిజంగా నీళ్ళు తిరిగాయి. ఇది సాధన చేసిన ఏడుపు కాదని మునికుమార్‌కు అర్థమైంది. "ఆయన దగ్గర నేను అబద్ధం కాకూడదు. నీకేం కావాలన్నా ఇస్తాను."

కొడుకులాగా. అసలు కొడుకు ఎదురుగా నిలబడి ఉంటే ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలి అనుకున్నాడు మునికుమార్. లేదు, నేనెక్కను, నీ చావు నువ్వు చావు అనడానికి నోరు తెరిచాడు.

అప్పుడే బయట మైకులో పూజారి వరపడేవాళ్ళ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఇద్దరూ విన్నారు. ఏడో పేరు సుజన.

మునికుమార్ మనసులో ఏదో గిర్రున తిరిగింది. ఈ మనిషి ఎక్కకపోతే కాయ విసిరేది ఎవరు? తానెక్కితే విసిరేది తానే. సుజన కొంగులో పడేది తన చేతి కాయ. ఊరు ఎవరనుకుంటే ఏం, నాయన ఎవరనుకుంటే ఏం. రాత్రి ఇంటికి పోయాక ఆమె చెవిలో చెప్తే సరిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది, అది అతను ఎవరికీ చెప్పలేదు. ధనంజయకు కంకణం కట్టిన రోజునుంచి అతను కూడా ఒంటిపూట తిన్నాడు, నేలమీదే పడుకున్నాడు, సుజన చెయ్యి కూడా తగలనివ్వలేదు. అలిగాడని ఇంట్లో అనుకున్నారు. అతను మాను ఎక్కేవాళ్ళ నియమం పట్టాడు. ఎక్కనివ్వరని తెలిసీ పట్టాడు.

"ఇప్పు" అన్నాడు.

పదిహేనేళ్ళ అలవాటు. వ్యాన్ల చాటున, చెట్ల చాటున ఐదు నిమిషాల్లో బట్టలు మార్చుకున్న మనుషులు వాళ్ళు. పంచె, రుద్రాక్షలు, జడలు, గడ్డం, నిమ్మకాయల జోలె ఇటొచ్చాయి. మునికుమార్ లుంగీ, గళ్ళ చొక్కా అటు పోయాయి. తడిగుడ్డతో ధనంజయ ఒంటిమీది విభూతి తుడుచుకున్నాడు. పళ్ళెంలో మిగిలిన విభూతి మునికుమార్ ఒంటికి తానే పూశాడు. చివరికి చేతికున్న కంకణం మెల్లగా మునివేళ్ళ మీదుగా జార్చాడు. పసుపుకొమ్ము కట్టిన దారం. నాయన చేత్తో వేసిన ముడి.

దాన్ని చూస్తూ మునికుమార్ ఒక్క క్షణం ఆగాడు. తరువాత చెయ్యి చాపాడు.

"ఎవరికీ తెలీకూడదు కుమార్. సుజనమ్మకు కూడా."

"నువ్వు ఈడనే ఉండు. గడియ పెట్టుకో. ఎవరు పిల్చినా పలకద్దు, తలుపు తీయద్దు."

"తీయను" అన్నాడు ధనంజయ.

*

డప్పులు మోగాయి. జనం రెండుగా చీలి దారిచ్చారు. వేలమంది గొంతులు ఒక్కసారిగా ధనంజయ పేరు అరిచాయి. పదిహేనేళ్ళలో ఆ అరుపు మునికుమార్ ఇంత దగ్గరగా విన్నది ఇదే. చెవులు గింగురుమన్నాయి. తలవంచుకుని నడిచాడు.

మాను మొదట్లో మైకు ముందు నాయన కూర్చుని ఉన్నాడు. ఎక్కేముందు అర్జునుడు గురువు కాళ్ళకు మొక్కాలి. మునికుమార్ వంగి మొక్కాడు. గుర్తుపడతాడేమోనని మొహం ఇంకా కిందికి దించాడు. గుర్తుపట్టాలని కూడా ఉంది.

వాద్యారు చేతులతో తడిమి అతని తల మీద అరచెయ్యి పెట్టాడు. పొర కమ్మిన కళ్ళ రెప్పలు ఆడించాడు. మైకును పక్కకు తిప్పి, చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"భయపడద్దు నాయనా. నువ్వు పడితే పట్టుకునేదానికి కింద నేనుండా."

ఆ మాట మునికుమార్‌ది కాదు. పరాయి ఇంటి విస్తరి ముందు కూర్చుని దొంగతనంగా తిన్న ముద్ద అది. అయినా తిన్నాడు. కళ్ళు తడి అయ్యాయి. తల ఎత్తకుండా మాను పట్టుకున్నాడు.

అరవై అడుగుల తాటిమాను. మెట్టు మెట్టుకూ ఒక పద్యం. కింద నాయన గొంతు పాడుతుంటే పైన అతని పెదాలు కదిలాయి. చిన్నప్పుడు నాయన పక్కలో పడుకుని నేర్చుకున్న పద్యాలు, ఒక్క అక్షరం కూడా తప్పలేదు. కాళ్ళు వాటంతట అవే ఎక్కాయి. ఎక్కడం అతనికి ఎప్పుడూ కష్టం కాదు. ఈరోజు మాత్రం ఎక్కుతున్నకొద్దీ ఒళ్ళు తేలికైంది. నాయన తప్పు చెప్పాడు. తాను అర్జునుడే.

పైన చిన్న మంచె. దానిమీద ఒంటికాలిమీద నిలబడి చేతులు జోడించాడు. పూతలపట్టు దాకా రోడ్డు మీద ఆగిపోయిన బస్సులు, మామిడితోటలు, చెరకుతోటలు కనిపించాయి. మాను చుట్టూ వలయాలు వలయాలుగా తడి చీరలు. ఏడో చోట సుజన. బోర్లా పడుకుని చేతులు ముందుకు చాచి ఉంది.

శివుడు ప్రత్యక్షమయ్యే పద్యం అయిపోయింది. పాశుపతం దొరికింది. డప్పులు మారాయి. ఆడవాళ్ళంతా లేచి కొంగులు పట్టారు. మునికుమార్ జోలెలో చెయ్యి పెట్టాడు. వెదికి, అన్నిటికంటే పచ్చని కాయ తీశాడు. బతుకు మీద నిండా ఆశతో, గురి చూసి, ఏడో చోటికి విసిరాడు.

అతని గురి తప్పదు. నిమ్మకాయ నేరుగా సుజన ముందుకు పోయింది.

సుజన కొంగు పట్టలేదు.

చుట్టూ నూరు కొంగులు గాలిలోకి లేచి ఉన్నాయి. ఆమె కొంగు నడుముకు గట్టిగా దోపుకుని ఉంది. రెండు చేతులూ జోడించి, తల దించుకుని నిలబడింది. కాయ ఆమె భుజానికి తగిలి, కాళ్ళ దగ్గర పడి దొర్లింది. పంకజాక్షి ఏదో అంటూ మోచేత్తో పొడిచింది. సుజన తల అడ్డంగా ఊపింది. పంకజాక్షి ఆగి చూసి, వంగి ఆ కాయ తీసుకుని తన కొంగులో వేసుకుంది.

మునికుమార్‌కు ఏమీ తోచలేదు. రెండో కాయ విసిరాడు. సుజన రెండడుగులు వెనక్కి వేసింది. కాయ నేలమీద పడింది. దానికోసం నలుగురు ఆడవాళ్ళు ఒకరిమీద ఒకరు పడ్డారు.

తల ఎత్తు సుజనా. ఒక్కసారి ఇటు చూడు. చిత్తూరులో ఏ హాల్లో ధనంజయ సినిమా ఆడినా, అదో మా బావ వీపు, అదో మా బావ కాళ్ళు అని పక్కనోళ్ళకు చూపించే మనిషి ఆమె. ఒక్కసారి చూస్తే చాలు, గడ్డం కాదు గదా గోనెసంచి కప్పినా గుర్తుపట్టేస్తుంది. ఆమె చూడలేదు. పరాయి మగవాణ్ణి చూడలేదు, పరాయి మగవాని కాయ పట్టలేదు. పొద్దున పెరట్లో మొగుడన్న మాటను మూటకట్టుకుని వచ్చి, తొమ్మిదేళ్ళ ఆశను కాళ్ళ కింద వదిలేసింది.

అరుద్దామని నోరు తెరిచాడు. కింద నాయన గొంతు ఇంకా పాడుతూనే ఉంది. ఇప్పుడు పైనుంచి వేరే గొంతు వస్తే వేలమందికీ తెలిసిపోతుంది. నాయన నలభై రెండేళ్ళ పేరు, ధనంజయకు ఇచ్చిన మాట, మాను పవిత్రత, అన్నీ ఒక్క అరుపుతో మట్టి కొట్టుకుపోతాయి. నోరు మూసుకున్నాడు.

సుజన వలయంలోనుంచి బయటికి నడుస్తోంది. తడి చీర మీద మట్టి. ఎవరికోసమో జనంలో అటూ ఇటూ చూసింది. ఒక పెద్దాయనను ఆపి ఏదో అడిగింది. ఆయన బడి వైపు చెయ్యి చూపించాడు. ఉదయం పదకొండింటికి మునికుమార్ ఆ గదిలోకి పోవడం చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. బయటికి రావడం చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆమె అటే పోతోంది. మొగుడి దగ్గరికి. ఖాళీ కొంగు చూపించడానికి.

తలుపు తీయడులే, మాటిచ్చాడు కదా అనుకున్నాడు మునికుమార్. వేళ్ళు మంచె అంచును బిగించి పట్టుకున్నాయి. సుజన తలుపు తట్టింది. మళ్ళీ తట్టింది. తలుపుకు నుదురు ఆనించి ఏదో అంటోంది, ఇంత ఎత్తునుంచి ఒక్క ముక్క కూడా వినపడదు. భుజాలు కదులుతున్నాయి. పొద్దున తన ముందు ఏడవని మనిషి ఆ తలుపు ముందు ఏడుస్తోంది.

తలుపు తెరుచుకుంది.

లోపల తన గళ్ళ చొక్కా ఒక్క క్షణం కనిపించింది. సుజన గడప దాటింది.

కింద మైకులో వాద్యారు అర్జునుడు దిగే పద్యం ఎత్తుకున్నాడు. వేలమంది పైకి చూసి చేతులెత్తి మొక్కారు. మునికుమార్ కళ్ళు బడి మీదనుంచి తిప్పకుండా పెదాలు కదిపాడు. అరవై మెట్లు, అరవై పద్యాలు. ఒక్కటి కూడా వదలకూడదు, ఒక్కటి కూడా తొందరగా దిగకూడదు. రెండో పద్యం సగంలో ఉండగా బడి తలుపు లోపలినుంచి మూసుకుంది.